లింగం మీది చిన్న బొడిపెలు: ఏవి సహజం, ఏవి చూపించుకోవాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు తిరిగి చెబుతాను. వయసు 22. లింగాగ్రం అంచు చుట్టూ, సన్నని పూసలు గుచ్చినట్టు, తెల్లటి బొడిపెలు. లింగం అడుగువైపు చర్మాన్ని లాగి చూస్తే ఇసుక చల్లినట్టు లేత పసుపు చుక్కలు. నొప్పి, దురద, రసి ఏమీ లేవు. ఇంతవరకు ఎవరితోనూ లైంగిక సంబంధం లేదు. అయినా ఫోనులో బొమ్మలు చూశాక అవి పులిపిర్లేనన్న నమ్మకం కుదిరిపోయింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న క్రీమును మూడు వారాలుగా రాస్తున్నారు. బొడిపెలు తగ్గలేదు, పైగా చర్మం మంటగా ఉంటోంది.

మీరు చెప్పినవి రెండు వేర్వేరు సంగతులు, రెండూ జబ్బులు కావు. అంచు చుట్టూ ఉన్నవి ముత్యాల బొడిపెలు, అడుగున ఉన్నవి ఫోర్డైస్ చుక్కలు. కంటితో చూడకుండా ఖాయం చేయడం వైద్యుడికి తగదు కాబట్టి ఒక్కసారి చర్మవైద్యుడికి చూపించుకోమనే అంటాను. కానీ మీ వర్ణనలోని ‘వరుసగా’, ‘లాగితే కనిపిస్తాయి’ అన్న రెండు మాటలు నాకు సగం పరీక్ష చేసిపెట్టాయి. మీకున్న జబ్బల్లా ఆ మంటే, దాన్ని తెచ్చింది క్రీము.

20 ఏళ్ళకు పైగా చర్మవైద్యం చేస్తున్నాను. ఈ ఫిర్యాదుతో వచ్చేవారిని గదిలోకి రాగానే పోల్చుకోవచ్చు. తలుపు పూర్తిగా మూసుకుందో లేదో రెండుసార్లు చూస్తారు. ముందు జుట్టు రాలడం గురించి అడుగుతారు. లేవబోతూ ‘ఇంకొక్క విషయం, డాక్టరు గారూ’ అంటారు. అలా వచ్చిన ఒక యువకుడు చూపించడానికి సిగ్గుపడి ముందు ఫోను తీశాడు. నాలుగు నెలలుగా వారం వారం తీసుకున్న ఫొటోలు, తేదీలతో సహా. మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టి ‘ఏమైనా మారిందా?’ అని అడిగాను. చాలాసేపు చూసి ‘లేదండీ’ అన్నాడు. ‘పులిపిరి అయితే నాలుగు నెలలు ఇంత బుద్ధిగా కూర్చోదు’ అన్నాను. జబ్బుకు సాక్ష్యమని అతను తెచ్చిన ఫొటోలే జబ్బు లేదని చెప్పాయి. నేను రోజూ వాడే సూత్రం ఇదే. ఈ చోట హాని లేనివి ఒక పద్ధతిగా ఉంటాయి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. జబ్బుతో వచ్చేవి పద్ధతి లేకుండా వచ్చి, వారాల్లోనే మారుతూ పోతాయి.

ముత్యాల బొడిపెల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అనవసరంగా వైద్యం చేయించుకునేది ఎక్కువగా వీటికే. ఒక్కొక్కటి 1 నుంచి 2 మిల్లీమీటర్లు, కొందరిలో సన్నగా పొడుగ్గా కూడా ఉంటాయి. తెలుపు, లేత గులాబీ, లేదా చర్మం రంగు. లింగాగ్రం కిరీటపు అంచు వెంబడి ఒకటి రెండు వరుసలుగా, కొందరిలో చుట్టంతా, కొందరిలో పైభాగాన మాత్రమే ఉంటాయి. యుక్తవయసు వచ్చాక, 20 నుంచి 30 ఏళ్ళ మధ్య బాగా కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో అణిగిపోతాయి. సున్తీ జరగనివారిలో ఎక్కువ. సూక్ష్మదర్శిని కింద చూస్తే అది కాస్త పీచు, కొన్ని సన్నని రక్తనాళాలు, అంతే. వైరస్‌తో, శుభ్రతతో, హస్తప్రయోగంతో దేనితోనూ సంబంధం లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు. వేర్వేరు అధ్యయనాల్లో మగవారిలో 14 నుంచి 48 శాతం దాకా వీటిని లెక్కించారు. తక్కువ అంకె తీసుకున్నా ఏడుగురిలో ఒకరికి ఉన్నట్టు. దీన్ని జబ్బు అనేకంటే బుగ్గ మీది సొట్టలాంటి ఒక శరీర లక్షణం అనడమే న్యాయం.

ఫోర్డైస్ చుక్కలు ఇంకా మామూలు. చర్మంలో నూనె గ్రంథులు సాధారణంగా వెంట్రుక కుదురును ఆనుకుని ఉంటాయి. కొన్నిచోట్ల వెంట్రుక లేకుండానే గ్రంథి మాత్రం ఉంటుంది, అది నేరుగా చర్మం పైకి తెరుచుకుంటుంది. లింగం మీద చర్మం పలచన కాబట్టి ఆ గ్రంథే లేత పసుపు చుక్కగా బయటికి కనిపిస్తుంది. 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటాయి. చర్మం వదులుగా ఉన్నప్పుడు మాయమై, లాగినప్పుడో అంగం గట్టిపడినప్పుడో తేలతాయి. ఇవి ఇక్కడికే పరిమితం కావు. అద్దం ముందు నిలబడి పై పెదవిని కాస్త సాగదీసి, అంచు దగ్గర చూడండి. చాలామందికి అక్కడా ఇవే చుక్కలు కనిపిస్తాయి, వాటిని చూసి ఎవరూ నిద్ర మానుకోరు. 1896లో వీటిని వర్ణించిన అమెరికన్ చర్మవైద్యుడు జాన్ అడిసన్ ఫోర్డైస్ పేరే వీటికి మిగిలింది. గిల్లితే కొన్నిసార్లు మైనంలాంటి పదార్థం వస్తుంది. అది చీము కాదు. గిల్లకండి, గిల్లిన చోట నిజంగానే చీము పట్టవచ్చు.

మీరు అడగలేదు కానీ రేపు అడగబోయేవి మరి కొన్ని ఉన్నాయి. లింగాగ్రం అడుగున, ముందరి చర్మాన్ని పట్టి ఉంచే సన్నని తాడులాంటి భాగానికి అటొకటి ఇటొకటి జంటగా చిన్న బొడిపెలు కొందరికి ఉంటాయి. రెండు పక్కలా అచ్చు ఒకేలా ఉండటమే వాటికి గుర్తు. లింగం మొదట్లో, వృషణాల సంచి మీద, చలికి రోమాలు నిక్కబొడుచుకున్నట్టు కనిపించే గింజలు వట్టి వెంట్రుక కుదుళ్ళు. సంచి మధ్యలో మొదలై లింగం అడుగునుంచి పైకి పాకే ముదురు గీత పుట్టుకతో వచ్చిన అతుకు, పిండంగా ఉన్నప్పుడు రెండు సగాలు కలిసిన చోటు. దాన్ని గాయపు మచ్చ అనుకుని వచ్చినవారినీ చూశాను. ముందరి చర్మం కింద పేరుకునే తెల్లటి పదార్థం రాలిన చర్మకణాలు, నూనె కలిసినది. గోరువెచ్చని నీళ్ళతో రోజూ కడిగితే పోతుంది. సబ్బు ఎక్కువ పెట్టి రుద్దితే చర్మం ఎండిపోయి, ఎరుపెక్కి, కొత్త అనుమానానికి దారి తీస్తుంది.

వృషణాల సంచి చర్మం మీద ముదురు ఎరుపు, ఊదా, దాదాపు నలుపు రంగులో ఉబ్బిన చుక్కలు వయసుతో పాటు వస్తాయి. ఇవి చర్మం పైపొరలో వ్యాకోచించిన రక్తనాళాలు. చిత్రంగా వీటికీ ఫోర్డైస్ పేరే, ఏడాదీ అదే 1896, కానీ పసుపు చుక్కలకూ వీటికీ ఏ బంధుత్వమూ లేదు. గోకినప్పుడో షేవింగ్ బ్లేడు తగిలినప్పుడో లోదుస్తుల నిండా రక్తం అయ్యేంతగా కారి హడలగొడతాయి. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, గట్టిగా అదిమి పట్టండి, ఆగిపోతుంది. మాటిమాటికీ కారుతుంటే లేజరుతోనో విద్యుత్తుతోనో మాడ్చి తీసేస్తారు. ఒక మినహాయింపు ఉంది. చిన్నతనం నుంచే ఇలాంటి చుక్కలు బొడ్డుకూ మోకాళ్ళకూ మధ్య గుంపులుగా ఉండి, అరచేతులు, అరికాళ్ళు మండుతుంటే ఫాబ్రీ వ్యాధి అనే అరుదైన వారసత్వ జబ్బు ఉందేమో చూడాలి. అది మూత్రపిండాలను, గుండెను కూడా పట్టుకుంటుంది.

అదే సంచి చర్మంలో బఠాణీ గింజంత గట్టిగా, తెల్లగా, చేతికి జారే గడ్డలు ఒకటీ రెండూ, కొందరికి పదుల్లో ఉంటాయి. చర్మకణాలు లోపల తిత్తిలో పేరుకున్నవి కొన్ని, సున్నం పేరుకున్నవి కొన్ని. పగిలితే సుద్దలాంటిది వస్తుంది. హాని లేదు, ఇబ్బందిగా ఉంటే చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు. కానీ ఇక్కడ ఒక తేడా మీ వేళ్ళకు తెలిసి ఉండాలి. గడ్డను పట్టుకుని చర్మాన్ని కదపండి. చర్మంతో పాటు కదిలితే అది చర్మానిది. చర్మం దాని మీదుగా జారిపోతూ, గడ్డ మాత్రం లోపల వృషణానికి అంటుకుని గట్టిగా తగిలితే, నొప్పి లేకపోయినా సరే, వారంలోపు వైద్యుడి దగ్గర ఉండాలి. వృషణ క్యాన్సరు ఎక్కువగా వచ్చేది యువకులకే, తొందరగా పట్టుకుంటే చాలావరకు పూర్తిగా నయమయ్యేదీ అదే. పూసల వరుస కోసం నెలలు పోగొట్టుకున్నవారు ఇలాంటి గడ్డను ‘నొప్పి లేదు కదా’ అని వదిలేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇంకొకటి, రాత్రికి రాత్రే వచ్చి భయపెట్టేది. లింగాగ్రం వెనక, చర్మం కింద, దారపు ముక్కలా గట్టిగా తగిలే తాడు. మోటుగా లేదా ఎక్కువసేపు సాగిన సంభోగం తర్వాతో, హస్తప్రయోగం తర్వాతో అక్కడి సన్నని నాళం ఒకటి వాచి గట్టిపడుతుంది. కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే తనంతట తానే కరిగిపోతుంది. లింగం లోపల పలకలా గట్టిపడి, అంగం వంకర తిరగడం మొదలైతే మాత్రం అది వేరే సంగతి, మూత్రవ్యవస్థ నిపుణుడి పని.

చదునైన నల్లమచ్చల్లో నాకు ఎక్కువగా తగిలేది మాత్రల మచ్చ. ఏదో నొప్పి మాత్రో, సల్ఫా మాత్రో, మరో యాంటీబయాటిక్కో వేసుకున్న కొన్ని గంటలకు లింగాగ్రం మీద గుండ్రంగా ఎర్రబడి, మండి, ఒక్కోసారి పొక్కి, ఆనక నల్లటి మచ్చగా మిగులుతుంది. మళ్ళీ అదే మాత్ర వేసుకుంటే మళ్ళీ అదే చోట వస్తుంది. ఆ ‘అదే చోట’ అన్నదే కీలకం. ఒకాయన దీనికి మూడేళ్ళు సుఖవ్యాధి మందులు వాడాడు, భార్యతో మాటలు కూడా కరువయ్యాయి. ‘మచ్చ మండే ముందు రోజు ఏం మింగారు?’ అని అడిగితే ఆలోచించి తలనొప్పి మాత్ర పేరు చెప్పాడు. ఆ మాత్ర మానేశాడు, మళ్ళీ రాలేదు. ఇక మంట, నొప్పి లేకుండా ఉండే గోధుమ రంగు చదును మచ్చలు చాలావరకు రంగు పేరుకున్నవే. ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, అంచులు గజిబిజిగా ఉన్నా, పెరుగుతున్నా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపక తప్పదు.

మరి నిజమైన జబ్బులు ఎలా ఉంటాయి? మీరు భయపడుతున్న పులిపిర్లతో మొదలుపెడతాను. వాటికి కారణం హెచ్‌పీవీ వైరస్, ముఖ్యంగా 6, 11 రకాలు. పులిపిరికి వరుస తెలియదు. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ, పైభాగం గరుకుగా, కాలీఫ్లవరు పువ్వులా చీలి ఉంటుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మరుసటి నెలకు ఇంకో రెండు. సోకిన కొన్ని వారాల నుంచి నెలల తర్వాత బయటపడుతుంది, చర్మానికి చర్మం రాసుకున్నప్పుడు అంటుకుంటుంది. మీకు ఎవరితోనూ లైంగిక సంబంధం లేదు కాబట్టి ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. వెనిగర్ పూసి చూడమని ఎవరైనా చెబితే వినకండి, మామూలు చర్మం కూడా దానికి తెల్లబడుతుంది. హెచ్‌పీవీ టీకా గురించి మాత్రం వైద్యుణ్ణి అడగండి, సంబంధాలు మొదలుకాకముందు వేయించుకుంటేనే దాని మేలు పూర్తిగా దక్కుతుంది.

మొలస్కం అనే వైరస్ గింజలు నున్నగా, గుండ్రంగా, నడిమధ్య బొడ్డులాంటి గుంటతో ఉంటాయి. ఆ గుంట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. హెర్పిస్ ముందు చురుక్కుమనిపించి, తర్వాత గుంపుగా నీటిపొక్కులు వేసి, చితికి, నొప్పిపెట్టే పుండ్లవుతుంది. అది ‘ఉందా లేదా’ అని నెలల తరబడి తర్జనభర్జన పడేంత నెమ్మదైన జబ్బు కాదు. సిఫిలిస్ అందుకు తలకిందులు. ఒకే పుండు, అంచు గట్టిగా, నొప్పి లేకుండా, సంబంధం జరిగిన సుమారు 3 వారాలకు వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పైగా కొన్ని వారాలకు వైద్యం లేకుండానే మానిపోతుంది. మానింది పుండు మాత్రమే, జబ్బు లోపలే ఉంటుంది. నొప్పి లేని పుండు మానిపోయిందని సంతోషించకుండా రక్తపరీక్ష చేయించుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. గజ్జి కూడా లింగం మీద, సంచి మీద దురద గడ్డలు కట్టిస్తుంది. రాత్రిళ్ళు దురద ఎక్కువై, ఇంట్లో మరొకరు కూడా గోక్కుంటుంటే అదే. పురుగు చచ్చాక కూడా ఆ గడ్డలు కొన్ని వారాలు ఉండిపోతాయి, మందు పనిచేయలేదని కంగారుపడవద్దు.

వయసు మీద పడ్డవారికి వేరే మాట. నాలుగు వారాలైనా మానని పుండు, ముందరి చర్మం కింద పెరిగే గడ్డ, పాలిపోయిన తెల్లటి మచ్చలతో పాటు ముందరి చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయవద్దు. మళ్ళీ మళ్ళీ ఎర్రబడి, పగిలి, తెల్లటి పొర కడుతుంటే రక్తంలో చక్కెర చూపించుకోండి. మధుమేహం ఉందని మొదటిసారి అక్కడే తెలిసినవారు నా దగ్గర చాలామంది ఉన్నారు.

ఇప్పుడు మీ క్రీము సంగతి. ఈ ప్రాంతపు చర్మం చాలా పలచన. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు పూసి కొలిస్తే, వృషణాల సంచి చర్మం ముంజేయి కంటే 42 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. అంటే ముంజేతి మీద వేలికొనంత రాసినది ఇక్కడ ఎంత పని చేస్తుందో ఊహించండి. దుకాణాల్లో దురదకు, తామరకు, దేనికైనా సరే అంటూ ఇచ్చే కలగలుపు క్రీముల్లో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రోజుల్లో హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం కాగితంలా పలచబడి, ఎర్రబడి, మానేసిన ప్రతిసారీ మండుతుంది. మంట తగ్గడానికి మళ్ళీ అదే రాస్తారు. అలా నెలల తరబడి చిక్కుకున్నవారిని బయటికి తేవడం నిజమైన వ్యాధిని నయం చేయడం కంటే కష్టం. పులిపిర్లను కాల్చే ఆసిడ్ ద్రావణాలు ఇంకా దారుణం. ముత్యాల బొడిపెల మీద దాన్ని పూసుకుని, చుట్టూ పుండు చేసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తూ వచ్చిన కుర్రవాడు నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. పుండ్లు మానాయి, మచ్చలు మిగిలాయి. పూసలు చాలావరకు అలాగే ఉన్నాయి.

మీరు రాస్తున్నది మూడు వారాలే కాబట్టి ఈ రోజే ఆపండి. సబ్బు పక్కన పెట్టి నీళ్ళతో కడగండి, తడి అద్ది ఆరనివ్వండి, పలచగా వ్యాజలిన్ రాయండి, వదులైన నూలు లోదుస్తులు వేసుకోండి. కొద్ది రోజులు మంట కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు, ఓర్చుకోండి. ఓర్చుకోలేనంతగా ఉంటే, పొక్కితే, వెంటనే వెళ్ళండి.

‘తీసేయించుకోవచ్చా?’ అని కూడా అడిగారు. ముత్యాల బొడిపెలను లేజరుతోనో, విద్యుత్తుతోనో తీసే వీలుంది, అనుభవం ఉన్న చేతిలో బాగానే మానుతుంది. కానీ మచ్చ పడే అవకాశం, ఆ అంచు దగ్గర స్పర్శ మందగించే అవకాశం కొద్దిగానైనా ఉంటాయి. జబ్బు కానిదాని కోసం ఆ కాస్త ప్రమాదం కూడా ఎందుకన్నది నా అభిప్రాయం. అడిగిన పదిమందిలో తొమ్మిదిమంది అవి ఏమిటో తెలిశాక ఆ మాటే మరిచిపోయారు. ఆ పదో మనిషికి మాత్రం, మూడు నెలలు ఆగి అప్పటికీ కావాలనిపిస్తే రమ్మని చెబుతాను.

వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే సగం బెరుకు తగ్గుతుంది. దీపం కింద చూస్తారు. చాలాచోట్ల డెర్మోస్కోప్ అనే భూతద్దం ఆనిస్తారు, అందులో మీ పూసలు రాళ్ళు పరిచిన బాటలా, ఒక్కో రాతి మధ్య ఎర్రటి చుక్కతో కనిపిస్తాయి. నొప్పి ఉండదు, సూది ఉండదు, రెండు నిమిషాల పని. ఆయనకో ఆమెకో ఇది ఆ రోజుకు మూడో కేసో నాలుగో కేసో అయి ఉంటుంది, కాబట్టి జుట్టు రాలడంతో మొదలుపెట్టకుండా నేరుగా చెప్పేయండి. వెళ్ళేటప్పుడు ఆ క్రీము గొట్టాన్ని కూడా జేబులో వేసుకుని వెళ్ళండి. దాని వెనక సన్నటి అక్షరాల్లో ఏం రాసి ఉందో మీ చర్మం కంటే ముందు డాక్టరు చదవాల్సింది అదే.